లేత్ బెడ్డు మీద ఏడు దెబ్బలు

"టార్గెట్ ఒక లేత్ మిషన్," అన్నాడు చీఫ్.

ఏజెంట్ కోటేశ్వర్ నవ్వలేదు. చీఫ్ జోకులు వేసే మనిషి కాదు.

ఫైల్లోంచి ఒక ఫొటో బల్ల మీదికి జారింది. 1952లో స్విట్జర్లాండ్‌లో తయారైన చిన్న లేత్. వెంట్రుకలో పదో వంతు కూడా తేడా రాకుండా ఇనుమును చెక్కగల యంత్రం. ఇప్పుడు మాత్రం తుప్పు పట్టి, సగం పార్టులు ఊడిపోయి ఉంది.

"మన ల్యాబ్ నుంచి ఒక క్షిపణి డిజైన్ బయటికి పోయింది. ఒకే ఒక్క మైక్రోచిప్. దొంగిలించినవాడు రెండో కాపీ తీయకముందే హత్యకు గురయ్యాడు. చిప్ విదేశీ ముఠా చేతిలో పడింది. దాన్ని ఈ యంత్రంలో దాచి ఓడ ఎక్కిస్తారు. తుక్కు ఇనుము అయితే పోర్టులో కోసి చూస్తారు. బాగుచేసిన పాతకాలపు యంత్రమంటే మ్యూజియం సరుకు. ఎవరూ చెయ్యి వెయ్యరు."

"బాగుచేసేది ఎవరు సార్?"

"ఉదయగిరిలో డేవిడ్‌రాజు అనే మేస్త్రీ. డెబ్బై ఏళ్లు. ఆయన పేరు ముఠా చెవిన పడేలా చేసింది మనమే. యంత్రం మన కళ్ల ముందు ఉంటుందని."

"ఆయనకు ఆ సంగతి తెలుసా?"

"తెలియకూడదు. నువ్వు కోయంబత్తూరు నుంచి పాత మిషన్ల స్పేర్లు తెచ్చే మోహన్‌వి. ముఠాలో మన మనిషి ఒకామె ఉంది. పేరు అశ్విత, మ్యూజియం క్యూరేటర్ వేషం. చిప్ ఎక్కడ పెట్టారో ఆమె చెబుతుంది. 'ఆయిల్ మార్చాం' అని నువ్వు కబురు పెడితే టీమ్ దిగుతుంది."

అది మూడు నెలల కిందటి మాట.

ఆ మూడు నెలల్లో మోహన్ వేషం కోటేశ్వర్‌కి చర్మంలా అతుక్కుపోయింది. ఊడిపోయిన ఒక గేర్ కోసం నిజంగానే కోయంబత్తూరు తుక్కు దుకాణాల్లో నాలుగు రోజులు తిరిగాడు. నూట ఇరవై ఏడు పళ్ల గేర్. దొరికినప్పుడు ఏజెన్సీ పని అన్న సంగతే మరిచి ఈల వేశాడు. డేవిడ్‌రాజు దాన్ని కిరోసిన్‌లో కడిగి, ఒక్కో పన్ను వేలితో తడిమి, "బతికించినావు అబ్బయ్యా" అన్నాడు.

అసలు పని బెడ్డుది. లేత్‌కి వెన్నెముక లాంటి పొడవాటి ఇనప దిమ్మ అది. మేస్త్రీ దాని మీద నీలం రంగు పూసి, సమతలమైన పలకను ఆనించి తీసేవాడు. ఎత్తుగా ఉన్న చుక్కలు బయటపడేవి. వాటిని చేతి గీకుడు ఉలితో గీకేవాడు. మళ్లీ రంగు, మళ్లీ పలక, మళ్లీ గీకుడు. రోజుకు జానెడు సాగితే గొప్ప. మిషన్ మీద రుద్దితే గంటలో అయిపోతుంది కదా అని కోటేశ్వర్ ఒకసారి అడిగాడు.

"అవతది. నునుపుగా కనబడతది. నిజం మాత్రం ఉండదు," అన్నాడు మేస్త్రీ.

కోటేశ్వర్ తల వంచుకున్నాడు. తాను బహుమతిగా ఇచ్చిన, సన్నని తేడాలు కొలిచే డయల్ గేజ్ ఎదురుగా బల్ల మీద ఉంది. అందులో మైక్రోఫోన్ ఉంది. మేస్త్రీ రోజూ సాయంత్రం ఆ గేజ్‌ని మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టెలో పడుకోబెడతాడు.

మధ్యాహ్నం భోజనం మేస్త్రీ ఇంట్లోనే. ఆయన భార్య రాహేలమ్మ అన్నం వడ్డించి కళ్లు మూసుకునేది. "ప్రభువా, ఈ మోహన్ బిడ్డని చల్లంగా చూడు" అనేది. ఆమె కళ్లు తెరిచేదాకా కోటేశ్వర్ ఉత్తినే అన్నం కలుపుతూ ఉండేవాడు.

లేత్ సిద్ధమైంది. ముందురోజు కోటేశ్వర్ నెల్లూరులో టీమ్‌ని కలుస్తుండగా అశ్విత వచ్చి వెళ్లింది. ఇయర్‌ఫోన్‌లో ఆమె గొంతు విన్నాడు: "ఒరిజినల్ హ్యాండ్‌వీల్ తెచ్చాను మేస్త్రీగారూ, బిగించండి." మన మనిషే కదా, చేత్తో తిప్పే చక్రమే కదా అని పట్టించుకోలేదు. సాయంత్రానికి ఆమె మెసేజ్ పంపింది: చిప్ బెడ్డు లోపలి గోడలో ఉంది. సిమెంట్ లాంటి జిగురు పోశారు. విప్పితే దొరకదు. పగలగొట్టాలి.

మర్నాడు ఉదయం పదకొండుకి లేత్‌ను ఎక్కించుకుని లారీ ఉదయగిరి నుంచి బయల్దేరింది. మేస్త్రీ రోడ్డు మీదకి వచ్చి, లారీ మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. కోటేశ్వర్ ఫోన్ తీశాడు.

"ఆయిల్ మార్చాం."

ఆత్మకూరు దాటాక టీమ్ లారీని ఒక పాత గోడౌన్‌లోకి మళ్లించింది. అశ్విత అప్పటికే అక్కడుంది. నల్ల కళ్లద్దాలు, తెల్ల చీర, ఇనప దుమ్ము మధ్య కూడా మాయని పరిమళం.

"ముఠా కారు వెనకాలే వస్తోంది. పది నిమిషాలు," అందామె.

కోటేశ్వర్ సమ్మెట అందుకున్నాడు. బెడ్డు మీద ఉలి గాట్లు చేప పొలుసుల్లా మెరుస్తున్నాయి. ప్రతి పొలుసూ మేస్త్రీ భుజం నొప్పి. మొదటి దెబ్బకి పగుల్లేదు. ఏడో దెబ్బకి పోత ఇనుము పెళ్లున విచ్చుకుంది.

లోపల ఏమీ లేదు. జిగురు లేదు. చిప్ లేదు.

"అయ్యో, ముఠావాళ్లు నన్ను కూడా మోసం చేశారు," అంది అశ్విత తీరిగ్గా. లేత్ హ్యాండ్‌వీల్ మర తిప్పి ఊడదీసింది. "గుర్తుగా ఇది ఉంచుకుంటాను."

వీల్‌ని అరచేతిలో ఆడించింది. ఒక్కసారిగా ఆమె మొహం పాలిపోయింది. "ఫోన్ మాట్లాడి వస్తా," అని వీల్ కింద పడేసి బయటికి నడిచింది. మరుక్షణం కారు స్టార్టయిన చప్పుడు.

కోటేశ్వర్ వీల్ ఎత్తి చూశాడు. అంచు లోపల రెండు చిన్న అక్షరాలు కొట్టి ఉన్నాయి: డే.రా. తన చేత్తో చేసిన ప్రతి పార్టు మీదా మేస్త్రీ కొట్టే ముద్ర. అంటే ఇది అశ్విత ఇచ్చిన వీల్ కాదు. చిప్ ఆమె ఇచ్చినదాన్లో ఉంది. ముఠానీ ఏజెన్సీనీ ఒకేసారి ముంచి, చిప్ తానే అమ్ముకోవాలని ఆమె ఎత్తు. ఆ వీల్ ఇప్పుడు ఉదయగిరిలో ఉంది. మేస్త్రీ కూడా అక్కడే ఉన్నాడు.

జీప్ ఉదయగిరి వైపు దూసుకుపోయింది. ముప్పావు గంటకి, ఊరు పొలిమేరలో, ఇయర్‌ఫోన్ గరగరలాడింది. డయల్ గేజ్ వింటోంది.

"నేనిచ్చిన వీల్ ఏది?"

"అది పనికిరాదమ్మా. లోపల బోలు. తిప్పతా ఉంటే తల ఊపతా ఉండాది. అట్టాంటిది తగిలిస్తే చూసినోళ్లు నన్ను నవ్వతారు. మీరు పోయినాక నేనే ఒకటి చేసి బిగించినా."

"ఎక్కడ పెట్టావ్?"

"ఏందమ్మా, పిస్తోలా అది? తుక్కు పెట్టెలో ఉండాది. అడిగితే ఇయ్యనా?"

కోటేశ్వర్ వర్క్‌షాప్‌లోకి దూకేసరికి పిస్తోలు మేస్త్రీ కణతకి ఆనుకుని ఉంది. వీల్ అశ్విత ఎడమ చేతిలో ఉంది. గడప దగ్గర రాహేలమ్మ కొయ్యబారి నిలబడింది.

"గన్ కింద పెట్టండి, కోటేశ్వర్. మూడు లెక్కపెడతాను."

"కోటేశ్వరెవరు?" అన్నాడు మేస్త్రీ.

ఆయన కళ్లు మెల్లగా కోటేశ్వర్ మీద ఆగాయి. పిస్తోలు కన్నా ఆ చూపే ఎక్కువ భయపెట్టింది. కోటేశ్వర్ తన గన్ నేల మీద పెట్టాడు.

అశ్విత వెళ్లేముందు ఒకసారి సరిచూసుకోవాలనుకుంది. వీల్ మధ్యనున్న బిరడాని పళ్లతో పట్టి తిప్పింది. లోపల చిప్ కనిపించలేదు. అంచుదాకా బూడిద రంగు సీసం గడ్డకట్టి ఉంది.

ఆమె కళ్లు అక్కడే నిలిచిపోయిన ఆ అరక్షణం కోటేశ్వర్‌కి చాలు. ఆమె మణికట్టు మెలితిప్పాడు. తూటా రేకుల కప్పులోంచి పోయింది.

"తేలిగ్గా ఉండాదని సీసం కాచి పోసినా. అప్పటికీ కుదర్లా," అన్నాడు మేస్త్రీ కణత రుద్దుకుంటూ.

దేశ రహస్యం సీసంలో ఉడికి చచ్చింది. వెనకే వచ్చిన టీమ్ అశ్వితకు బేడీలు వేసి తీసుకుపోయింది. ముఠా కారు ఆత్మకూరు దగ్గర దొరికిందని వైర్‌లెస్ చెప్పింది. కోటేశ్వర్ మాత్రం కదల్లేదు.

"మిషన్ పోర్టుకి చేరిందా అబ్బయ్యా?"

"లేదు మేస్త్రీ. పగలగొట్టాను. నా చేత్తోనే."

"ఎన్ని దెబ్బలకి పగిలింది?"

"ఏడు."

మేస్త్రీ తన అరచేతులు చూసుకున్నాడు. "వీల్ మార్చినానని చెప్పుందును గదయ్యా, ఒక్క మాట అడిగుంటే."

"అడగాలంటే నేనెవరో చెప్పాలి కదా."

"చెప్తే ఏం? అన్నం పెట్టకుండా పంపించేసుంటామా?"

కోటేశ్వర్ బల్ల దగ్గరికి నడిచాడు. డయల్ గేజ్ తీసి, వెనక మూత విప్పి, మైక్రోఫోన్ ఊడబెరికి బల్ల మీద పెట్టాడు. మేస్త్రీ దాన్ని వేలితో తిప్పి చూశాడు.

"మూడు నెలలు మోహన్ కోసరం ప్రార్థన చేసినానే," అంది రాహేలమ్మ. "అయ్యన్నీ ఎవురికి పోయినాయో ఏందో."

మేస్త్రీ లేచి, గీకుడు ఉలిని గోడ మీదినుంచి దించి కోటేశ్వర్ చేతిలో పెట్టాడు. "పగిలిన బెడ్డు ఇక్కడికి తోలించు. అతుకు నేనేస్తా. గీకేది నువ్వు. మూడు నెలలు పడతది."

ఆ సాయంత్రమే కోటేశ్వర్ చీఫ్‌కి మూడు నెలల సెలవు కోరుతూ మెసేజ్ పంపాడు. కారణం అన్నచోట 'ఇనుము గీకాలి' అని రాశాడు. అది కొత్త కోడ్‌వర్డ్ అనుకున్న చీఫ్ రెండు నిమిషాల్లో సెలవు మంజూరు చేసి, అదనంగా ఒక సైలెన్సర్ కూడా పంపించాడు.