కార్డు మందం తేడా

"రేపు పోటీలో లాదిస్లావ్‌ని లేపేస్తారు," అంది ఫోన్లో చీఫ్ మేవిస్.

ఏజెంట్ ఆరిన్ టోలెఫ్సన్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. మోంటానాలో ఆ పూట దొరికిన మంచి విషయం ఆ వేయించిన మాంసం ఒక్కటే. దాన్నీ ప్రశాంతంగా తిననివ్వరు.

"ఎవరు?"

"లాంగ్ రేంజ్ పోటీకొచ్చిన షూటర్లలో ఒకడు. విదేశీ ముఠా మనిషి. పేరు సెలెస్ట్ చెబుతుంది."

"నాకు మోకాళ్లు నొప్పులు, మేడమ్."

"ఆయనకి ప్రాణం పోతుంది, ఆరిన్. ఏది ముందు చూద్దాం?"

టోలెఫ్సన్ కోటు తీసుకున్నాడు. క్షిపణి శాస్త్రవేత్త లాదిస్లావ్‌ని సరిహద్దు దాటించి తెచ్చింది అతనే. "ఇక్కడ నిన్నెవడూ ముట్టుకోడు," అని మాటిచ్చిందీ అతనే. ఉద్యోగంలో చెప్పిన అబద్ధాలకు లెక్కలేదు. ఆ ఒక్క మాటైనా నిజం కావాలని అతని ఆశ.

పోటీ మైదానం పక్కన రేకుల షెడ్డు. షూటర్లంతా బల్లల దగ్గర కూర్చుని తూటాలు ఎవరివి వాళ్లే తయారు చేసుకుంటున్నారు. అక్కడ పళ్లకుంచె అయినా అరువిస్తారు గానీ తూటా ఇవ్వరు. టోలెఫ్సన్ జిడ్డు టోపీ, మందపాటి కళ్లద్దాలు పెట్టుకుని, తూటాలు నొక్కే అచ్చులు, డైలు సరిచేసే మెకానిక్ వేషంలో దిగాడు.

అత్తరు వాసన ముందొచ్చింది, సెలెస్ట్ తర్వాత వచ్చింది. ముఠాలో ఉంటూ తొమ్మిదేళ్లుగా మనకు కబుర్లు మోస్తున్న డబుల్ ఏజెంట్. షెడ్డులో సగంమంది చేతుల్లో పని మర్చిపోయారు.

"ఈ ఏడు హకిల్‌బెర్రీలు ముందే పండాయట," అంది కోడ్ ప్రకారం.

"మా వైపు ఇంకా మంచే కరగలేదు," అన్నాడు.

"ఎర్రటోపీ. బూన్ స్టెంగర్. వాడే," అని గొణిగింది. తర్వాత పైకి, "మా అన్నయ్య సామాను ఇది. నాకేం తెలీదు, కాస్త దగ్గరుండి చూడండి పెద్దాయనా," అంది.

టోలెఫ్సన్ ముందు బూన్ బల్ల దగ్గరికి వెళ్లి ఒక తూటా ఎత్తి చూశాడు. ఇత్తడి తొడుగులో దిగిన బుల్లెట్ చుట్టూ లోతుగా గీత, మొన చప్పిడి.

"బుల్లెట్‌ని తొడుగులోకి నొక్కడానికి ఏ స్టెమ్ వాడుతున్నావయ్యా?"

"డైతో పాటు వచ్చిందే గురూ."

"అది పొట్టి బుల్లెట్లది. నీది పొడుగు బుల్లెట్. మొన వెళ్లి స్టెమ్ అడుక్కి తగులుతోంది. భుజాల మీద నొక్కాలి గానీ ముక్కు మీద నొక్కితే ఒక్కోటి ఒక్కో లోతుకి దిగుతుంది."

"అందుకేనా నేను కొండకి గురిపెట్టినా తగలట్లేదు? మా ఆవిడ కళ్లు పోయాయంటోంది!"

వీడు మనిషిని కాదు కదా, గడ్డిమేటుని కూడా కొట్టలేడు.

టోలెఫ్సన్ సెలెస్ట్ బల్ల వైపు తిరిగాడు. ఆమె డైలో స్టెమ్ సరిగ్గా ఆమె బుల్లెట్ వంపుకే కోయించి, నునుపు చేయించి ఉంది. ఏమీ తెలియదన్న మనిషి అటు చూడకుండానే లాక్ రింగ్ బిగించింది. ఆమె అంటే అతనికి ఇష్టం.

వెనక్కి వెళ్లి మేవిస్‌కి ఫోన్ చేశాడు. "సెలెస్టే," అన్నాడు.

"రుజువు?"

"స్టెమ్."

"స్టెమ్ చూసి నా బెస్ట్ సోర్స్‌ని అరెస్ట్ చెయ్యనా? వెళ్లి పడుకో."

రేపు పోటీకి రావొద్దని ఫోన్ చేస్తే లాదిస్లావ్ అంతకన్నా మొండి. "ఏడేళ్లు కర్టెన్ల వెనక బతికాను. రేపు ఎండలో కూర్చుని హకిల్‌బెర్రీ పై కేకు తింటాను. చచ్చినా సరే," అన్నాడు.

ఇక మిగిలింది తన చేతులే. సెలెస్ట్ కాఫీకని బయటికెళ్లింది. టోలెఫ్సన్ జేబులోంచి విజిటింగ్ కార్డు తీశాడు. బుల్లెట్‌ని తొడుగులోకి దించే ఆమె సీటింగ్ డైని సరిగ్గా కార్డు మందం పైకి లేపి బిగించాడు. ఇక ప్రతి బుల్లెట్టూ అంతమేర బయటే ఉండిపోతుంది. తర్వాత తూటా పొడవు కొలిచే ఆమె కాలిపర్ దవడల మధ్య అదే కార్డు పెట్టి సున్నా బటన్ నొక్కాడు. ఇక కొలిచినా అంకెలో తేడా కనిపించదు.

పనితెలిసిన వాళ్లు కొలిచేముందు దవడలు మూసి సున్నా చూసుకుంటారు. తిరిగొచ్చిన సెలెస్ట్ వేళ్లు కూడా అటు కదిలాయి. కానీ ఎదురుగా టోలెఫ్సన్ కూర్చుని ఉన్నాడు, తనేమో ఏమీ తెలియని అమ్మాయి. నవ్వి ఊరుకుంది. కొలిస్తే అంకె సరిగ్గానే వచ్చింది. కావలసినన్ని తూటాలు చేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు షూటర్లంతా వరసగా బోర్లా పడుకున్నారు. పక్కగా గుట్ట మీద డేరా, డేరా నీడ బయట కుర్చీలో లాదిస్లావ్, ఒళ్లో పై కేకు పళ్లెం. టోలెఫ్సన్ సెలెస్ట్ వెనకే నిలబడ్డాడు. ఆమె తూటా పెట్టి రైఫిల్ బోల్ట్ మూసింది. కాస్త బిగుతుగా మూసుకుంది. ఆమె భుజం ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత గొట్టం మెల్లగా గుట్ట వైపు తిరిగింది. వేలు ట్రిగ్గర్ మీదికి వచ్చింది.

"సీజ్ ఫైర్!" టోలెఫ్సన్ గొంతు చించుకున్నాడు.

ఆ మాట ఎవరు అరిచినా సరే, వరసలో ప్రతివాడూ బోల్ట్ తెరవాలి. చిన్నప్పటి నుంచి ఒంట్లో ఇంకిపోయిన అలవాటది. సెలెస్ట్ తను వచ్చిన పని మర్చిపోయింది. చేయి దానంతటదే బోల్ట్ తెరిచింది. పొడుగ్గా నిలిచిన బుల్లెట్ రైఫిల్ గొట్టం లోపలి గాడుల్లో ఇరుక్కుని అక్కడే ఉండిపోయింది. ఇత్తడి తొడుగు ఒక్కటే బయటికొచ్చి, తుపాకి మందంతా రైఫిల్ లోపల ఒలికిపోయింది. ఇక ఆ రైఫిల్ చేతికర్రకి ఎక్కువ, చీపురుకి తక్కువ. గొట్టం మాత్రం ఇంకా గుట్ట వైపే చూస్తోంది. పక్కవాళ్లంతా అది చూశారు.

ఆమె తల తిప్పింది. "ఎంత పెంచావు?"

"కార్డు మందం."

"సున్నా చూసుకోవాల్సింది."

"చూసుకుని ఉంటే నిన్ననే దొరికిపోయేదానివి."

ఆమె అలసటగా నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. బేడీలు వేస్తుంటే తొమ్మిదేళ్లు దండగైపోయాయని ఏడుపొచ్చినంత పనైంది.

కుంటుకుంటూ గుట్టెక్కాడు. లాదిస్లావ్ మూతి తుడుచుకుంటూ కోపంగా చూశాడు.

"పోటీ ఆపేసింది నువ్వేనటగా? ఎంత బాగా సాగుతోంది! ఒకడు సంతోషంగా ఉంటే చూడలేవు నువ్వు."

"చూడలేను," అని టోలెఫ్సన్ పక్క కుర్చీలో కూలబడ్డాడు. "ఆ పై కేకు ఇంకేమైనా మిగిలిందా?"