దొర దిగమనలేదు

మాచర్ల బయట నాపరాళ్ళ షెడ్డులో ఆ మధ్యాహ్నం ముగ్గురు స్నేహితులు ఆటకు కూర్చున్నారు. బయట ముసురు. కరెంటు లేదు. పాలిష్ మిషను ఆగిపోయి, తడిసిన రాతిపొడి వాసన షెడ్డంతా నిండింది. నేలమీద బండపై త్రికోటేశ్వరరావు సుద్దముక్కతో కొండవీడు కోట గీశాడు. వాడు హైదరాబాదు హాస్టల్లో నేర్చుకొచ్చిన ఆట అది. ఒకడు కథ నడుపుతాడు, మిగిలినవాళ్ళు అందులో మనుషులవుతారు, పాచిక ఎట్లా పడితే కథ అట్లా తిరుగుతుంది. నడిపేవాడు దొర. ఎవరి పాత్ర ఎత్తుకుంటే వాడిగానే మాట్లాడాలి. పూనకం వచ్చినవాణ్ణి దిగమన్నట్టు, దొర "దిగు" అన్నాకే మళ్ళీ మామూలు మనిషి.

దొర ఎప్పుడూ త్రికోటే. అంత పొగరు ఇంకెవరికుంది?

ఎదురుగా కూర్చున్న బాజీకి వాణ్ణి చూస్తేనే ఒళ్ళు మండుతోంది. మొన్న ఎండాకాలం వీళ్ళ జట్టులో నాలుగోవాడు శౌరి క్వారీ గుంటలో మునిగి చచ్చిపోయాడు. అప్పుడు పక్కనున్నది త్రికోటి ఒక్కడే. కాలు జారాడన్నాడు. ఊరు నమ్మింది. ఈతరాని శౌరి నీళ్ళ అంచుకే పోడని బాజీకి తెలుసు. అడిగినప్పుడల్లా త్రికోటి నవ్వి మాట మార్చేవాడు. ఇవాళ వాడిచేత నిజం కక్కించి తీరాలి.

"నీ వంతురా బాజీ. ఎవరివి?" అన్నాడు త్రికోటి.

"శౌరిని."

షెడ్డు యజమాని కొడుకు యల్లమంద బెదిరిపోయాడు. "ఒద్దురా... సచ్చినోడి పేరెత్తుకోమాకు."

"ఎత్తుకుంటా. ఏం జేస్తాడో జూద్దాం, మీ దొర!" బాజీ పాచిక విసిరాడు. "ఒరేయ్ త్రికోటీ, నేను శౌరిని. గుంటకాడ ఏం జరిగింది?"

"జారిపడ్డావు గదా," త్రికోటి నవ్వాడు.

"జారలేదు..."

ఆ మాట బాజీ అనలేదు. నోరు మాత్రం వాడిదే. నాలుకమీద పాచినీళ్ళ రుచి తగిలింది.

"ఈత నేర్పుతానని నెట్టావు... అంచు పట్టుకున్నా... నవ్వుతా నా వేళ్ళు తొక్కావు..."

త్రికోటి మొహం పాలిపోయింది. "అది... నీకెట్టా తెలుసు? అక్కడ ఎవురూ లేరే!"

నిజం బయటపడింది. వాడి పీక పిసికేద్దామని బాజీ లేచాడు. త్రికోటి పాచికను తన్నేసి వానలోకి పరుగెత్తాడు.

"దిగమని చెప్పి పోరా, దొంగనాయాలా!"

వాడు వెనక్కి కూడా చూడలేదు.

"నువ్వన్నా చెప్పరా, యల్లమందా!"

యల్లమంద గోడకు అతుక్కుపోయాడు. "దిగు... దిగు శౌరీ..." అని గొణిగాడు.

"నేను బాజీనిరా!"

యల్లమంద కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. వాడితో వాదించే ఓపిక లేక బాజీ వానలోనే ఇంటికి బయల్దేరాడు. ఊపిరి తీస్తుంటే గుండెల్లో నీళ్ళు కదులుతున్నట్టుంది. అయినా కోపం తగ్గలేదు. పోలీసుల దగ్గరికి పోవాలి. త్రికోటిని వదలకూడదు.

తలుపు కొట్టాడు. తల్లి జైనాబ్ బీ తీసింది. పరాయివాణ్ణి చూసినట్టు చెంగు తలమీదికి లాక్కుంది.

"అమ్మీ, నేనే!"

కొడుకుతో ఉర్దూ తప్ప మాట్లాడని ఆ తల్లి, తెలుగులో అడిగింది.

"ఎవరు నాయనా? బాజీ కోసమా? అన్నం తింటన్నాడు. ఉండు, పిలుస్తా."

"ఎవడు అమ్మీ లోపల?" బాజీ అరిచాడు.

లోపల కంచం పక్కకు నెట్టిన చప్పుడైంది. పాచినీళ్ళ వాసనతో తడికాళ్ళు గచ్చుమీద తపతపమంటూ... గుమ్మం వైపే వస్తున్నాయి.