ఎక్కడికి అని అడిగిన బొమ్మ

రేచల్‌కు తుపాకీ అంటే భయం లేదు. ఆమె భయం ఒక్కటే. ఏదో ఒకరోజు తెర మీద తన ముఖం, తన గొంతుతోనే, తన ఐదేళ్ళ కూతురిని బయటికి పిలుస్తుంది. అమ్మే కదా అని పిల్ల వెళ్ళిపోతుంది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. సీక్రెట్ ఏజెంట్ల అప్లికేషన్‌లో భయాలు రాసే గడి ఉండదు.

మార్కాపురంలో పలకల గోడౌన్. ఊరికి కరుణాకరం పలకల వ్యాపారి. రేచల్‌కు చీఫ్.

"మిషన్ గిద్దలూరులోనమ్మా," అన్నాడాయన. "స్టేషన్ రోడ్డు దుకాణం. లోపల మనిషి ఉండడు. కౌంటర్ మీద తెర, తెరలో బొమ్మ. బొమ్మ వెనక మన మేరీ."

మేరీ డిపార్ట్‌మెంట్‌కు ఇన్‌ఫార్మర్. పుల్లలచెరువులో తన ఇంట్లోనే కెమెరా ముందు కూర్చుని, గిద్దలూరు దుకాణంలో బొమ్మ నోటితో సబ్బులు, బిస్కెట్లు, మిషన్ టీ అమ్ముతుంది.

"మేరీకి ఏమైంది సార్?"

"ఏం కాలేదంటాంది. రోజూ వీడియో కాల్‌లో నవ్వుతాంది. కానీ ఈ కంప్లయింట్ విను."

ఫోన్‌లో గురమ్మ అనే ముసలామె గొంతు మోగింది. "నేను బయలుదేరతాంటే ఎక్కడికి అని అడుగుతాదా ఆ బొమ్మ? బుద్ధుండొద్దా? మళ్ళీ ఇంటికి పోయి, కూసోని, నీళ్ళు తాగి వచ్చేసరికి బస్సు పాయె! దాన్ని కన్నోళ్ళు ఏం నేర్పినారో!"

రేచల్ నవ్వబోయి ఆగిపోయింది. ఇక్కడ పుట్టిన ఆడపిల్ల, బయలుదేరే మనిషిని ఎక్కడికి అని అడగదు. శకునం చెడుతుంది. అడిగితే తిట్లు తింటుంది.

"అయితే బొమ్మ వెనక ఉన్నది మేరీ కాదు."

"ముఖం మేరీదే. గొంతు మేరీదే. మాట్లాడేది సముద్రం అవతలి వాడు. శనివారం నల్లమల సొరంగం దాటి మిలిటరీ గూడ్స్ రైలు పోతాది. టైం రైలు డ్రైవర్ ఒక్కడికే తెలుసు. అతను టీకి ఆ దుకాణానికే పోతాడు."

"బొమ్మ అందరినీ ఎక్కడికి అని అడుగుతాంటే, ఆయన కూడా మాటల్లో చెప్పేస్తాడు."

"అంతే." కరుణాకరం ఒక పలక ఇచ్చాడు. చెక్క ఫ్రేము, నల్లరాయి. రాయి కింద జామర్. "మూల నొక్కితే ఆ గదిలో మెషీన్లన్నీ చస్తాయి. ఆ బొమ్మల కంపెనీ ట్రైనర్, పోయిన నెల నీకు ట్రైనింగ్ ఇచ్చిన వాణి మన మనిషే. ఫారిన్‌లో పెరిగిన పిల్ల. సాయం చేస్తాది."

శనివారం ఉదయం ఏడు. కూలికి పోయే ఆడమనిషి వేషంలో, సంచిలో పలకతో రేచల్ దుకాణంలోకి వెళ్ళింది. మేరీ ముఖంతో బొమ్మ నవ్వింది.

"పలక పగిలిందా?" రేచల్ కోడ్ అడిగింది.

"బలపం ఉంది," ఠక్కున చెప్పింది బొమ్మ.

రేచల్ వెనక్కి తిరగబోయింది. మేరీ కాక ఆ కంపెనీ వైపు కోడ్ తెలిసింది వాణికి ఒక్కదానికే.

ఘాటైన సెంటు వాసన. పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు. పక్కనుంచి రేచల్ నడుముకు పిస్టల్ ఆనింది.

"సంచి కింద పెట్టండి రేచల్ గారూ," అంది వాణి. "తెర చూడండి."

రేచల్ సంచిని కాళ్ళ దగ్గర దించింది. తెర మీద మేరీ ముఖం చెరిగిపోయింది. ఆ చోట రేచల్ ముఖం వచ్చింది. పోయిన నెల ట్రైనింగ్ అని వాణి గంటలు గంటలు తీసిన వీడియోలు! తెర మూలన వీడియో కాల్‌లో, హనుమంతునిపాడులోని తన అమ్మ ఇల్లు కనిపించింది. కూతురు చిట్టి ఫోన్ పట్టుకుని ఉంది.

"చిట్టీ, బయటికి రామ్మా. కారు పంపించాను," అంది తెర మీది రేచల్.

"పాప మా కారెక్కితే మీరు నోరెత్తరు," వాణి నవ్వింది. "ఐదు నిమిషాల్లో రైలు డ్రైవర్ టీకి వస్తాడు."

"అవ్వా, అమ్మ రమ్మంటాంది!" చిట్టి చెప్పులేసుకుంది. గడప దాటడానికి కాలెత్తింది.

రేచల్ మడమను సంచి వైపు జరిపింది.

ఎవరు కదిలినా అడగమని సముద్రం అవతలి వాడికి రాసిచ్చిన ప్రశ్న ఒకటుంది. అలవాటు కొద్దీ అడిగేశాడు. తెర మీది రేచల్ తియ్యగా అంది: "ఎక్కడికి వెళ్తున్నావమ్మా?"

చిట్టి కాలు గాల్లోనే ఆగింది.

"అబ్బా! అడగనే అడిగితివి!" పిల్ల విసుక్కుంది. "నువ్వే రమ్మంటివి, నువ్వే ఎక్కడికంటావేంది? ఉండు, నీళ్ళు తాగొస్తా." ఫోన్ గడప మీద పెట్టి లోపలికి పోయింది. కూర్చుంది. చెంబెత్తి తాపీగా తాగసాగింది.

"ఏం చేస్తోంది ఈ పిల్ల?" వాణి తెర వైపు వంగింది.

అంత చాలు. రేచల్ మడమతో సంచిని తొక్కింది. జామర్ నొక్కుకుంది. కాల్ తెగింది. తెర మీద నోరు తెరిచిన తన ముఖం నల్లబడింది. మోచేయి వాణి మణికట్టుకు తగిలింది. పిస్టల్ బిస్కెట్ పెట్టెల కిందికి జారింది.

గుమ్మంలో రైలు డ్రైవర్. "టీ ఉందామ్మా?"

"మిషన్ చెడిపోయిందన్నా," అంది రేచల్, వాణి చేతులు వెనక్కి విరిచి పట్టుకుని. "పోయిరా." ఎక్కడికో మాత్రం అడగలేదు.

హనుమంతునిపాడులో ఇంటి ముందు ఆగిన కారును కరుణాకరం మనుషులు పట్టుకున్నారు. మర్నాడు మేరీ ఒక పాత గోడౌన్‌లో దొరికింది. బతికే ఉంది. ఇల్లు చేరింది. కానీ ఎవరితోనూ మాట్లాడటం లేదట, అద్దంలో కూడా ముఖం చూసుకోవడం లేదట. ఆమెను కలవకూడదని రేచల్‌కు ఆర్డర్.

కాబట్టి పుల్లలచెరువు వైపు పోయేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, చర్చి వెనక వీధిలో నీలం తలుపు తట్టి, మేరీ అన్నం తిన్నదో లేదో ఒకసారి కళ్ళతో చూసి రండి. ఫోన్ మాత్రం చేయకండి. ఫోన్‌లో ఆమె ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది.