భోంబల్‌కి పూటకి నాలుగు

ఫోనెత్తిన మనిషి బెంగాలీలో ఏదో అన్నాడు.

కలకత్తా వచ్చి ఏడాది కావస్తున్నా మౌక్తిక బెంగాలీ కూరగాయల బండి దాటి ముందుకు వెళ్లలేదు. ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి హిందీలోకి జారిపోయింది. "క్యాట్... షుగర్ హై ఉస్కో... గిర్ రహా హై, ప్లీజ్!"

ఆమె కాళ్ల దగ్గర భోంబల్ లేవబోయింది. వెనక కాళ్లు నిలవలేదు. తప్పతాగినట్టు పక్కకి ఒరిగిపోయింది.

"అయ్యో దేవుడా!" అంది మౌక్తిక, ఫోనులోనే.

అవతలి గొంతు చటుక్కున తెలుగులోకి మారింది.

"దేముడే మాట్లాడతన్నానండి. చెప్పండి."

మౌక్తిక ఫోను చెవి దగ్గర్నుంచి తీసి ఓసారి చూసుకుంది.

"ఎవరు?"

"దేముడండి. నా పేరే అది. పశువుల డాక్టరుగారి దగ్గర కాంపౌండర్ని. తెలుగోళ్లా మీరు? పిల్లికి ఏటైనాది?"

"పొద్దుగాల ఏడింటికి ఇన్సులిన్ ఇచ్చిన. ఇప్పుడు పదిన్నర. నిలబడలేకపోతుంది. నన్ను గుర్తుపడుతలేదు!"

"షుగరు పడిపోనాది. ఇంట్లో తీపి ఏటుంది? తేనె, గ్లూకోజు?"

"ఏం లేవు... ఆగండి, రసగుల్లాలున్నయి."

"రసగుల్లా పెట్టకండి. ఆ పాకం వేలితో తీసి చిగుళ్లకి రాయండి. నోట్లో పొయ్యకండి, పొలమారతాది. ఇల్లెక్కడ?"

చెప్పింది. భవానీపూర్‌లోనే, ఆసుపత్రికి మూడు వీధుల అవతల, ఆకుపచ్చ కిటికీల పాత మేడ. కింద ఇంటావిడ మాసిమా (బెంగాలీలో పిన్ని అని) ఒక్కతే ఉంటుంది, పైన మౌక్తిక అద్దెకుంటుంది. భోంబల్ మాసిమా పిల్లి. సిలిగురిలో కూతురికి ఆపరేషన్ అంటే ఆవిడ నిన్న సాయంత్రం సూది తనే వేసి, మిగతా పది రోజులకీ పిల్లిని మౌక్తిక చేతుల్లో పెట్టి రైలెక్కింది. మెడ మీద చర్మం గుడారంలా పట్టుకోవడం, సూది ఏటవాలుగా దించడం, అన్నీ చేసి చూపించింది. ఎంత మందు ఎక్కించాలో పెద్ద అంకె వేసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఇంతా చేసి, మొదటి పూటకే ఇట్లా.

దేముడు వచ్చేసరికి వాన పట్టుకుంది. సైకిలు గోడకి వాల్చి, చెప్పులు గుమ్మంలో విడిచి, తడిసిన నీలం చొక్కాతో నేల మీద కూర్చున్నాడు. పాతికేళ్లు దాటి ఉంటాయి. చేతులు మాత్రం ఎంతో పెద్దవాడి చేతుల్లా నిదానంగా ఉన్నాయి. భోంబల్ చెవి అంచుని బొటనవేలితో రుద్ది వెచ్చబరిచి, చిన్న సూదితో గుచ్చాడు. ఆవగింజంత నెత్తురు. మీటరు నలభై ఒకటి చూపించింది.

"ఇంకొంచెం పాకం," అన్నాడు.

ఇద్దరి వేళ్లూ ఒకే డబ్బాలోకి వెళ్లాయి. ఆ సమయంలో మౌక్తికకి అదేమీ తెలియలేదు. తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

పావుగంట అయ్యాక భోంబల్ తల ఎత్తింది. పెదాలు నాక్కుంది. గిన్నెలో చేప వాసన పసిగట్టి, నడుము ఊపుకుంటూ వెళ్లి తిన్నది. దేముడు డాక్టరుగారికి ఫోను చేసి బెంగాలీలో అంతా చెప్పాడు. గంటకోసారి చూడమన్నారు, సాయంత్రం డోసు వద్దన్నారు.

"ఇంతకీ ఎంత ఇచ్చారండి?"

"ఎనిమిది యూనిట్లు. రాసినట్టే ఇచ్చిన. చూడండి."

దేముడు ఫ్రిజ్ తలుపు వంక చూశాడు. నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపుకున్నాడు.

"అది ఎనిమిది కాదండి. నాలుగు. బెంగాలీ నాలుగు అచ్చం మన ఇంగ్లీషు ఎనిమిదిలాగే ఉంటాది. మాసిమా అలవాటు కొద్దీ బెంగాలీలో రాసీసినారు."

మౌక్తిక అలాగే నేల మీద కూలబడింది. ఎనిమిదిలోని రెండు సున్నాలూ తననే చూస్తున్నట్టున్నాయి.

"డబుల్ ఇచ్చిన. నేనే చంపేసేదాన్ని."

"సంపలేదు కదా. చూడండి, మీ రసగుల్లా డబ్బా కాడికే వెళ్తన్నాది."

"మాసిమాకి ఏం చెప్పాలె?"

"మాదే తప్పు, మా ఆసుపత్రిలో రాసింది తికమకైనాదని చెప్పీనా?"

"వద్దు." కళ్లు తుడుచుకుంది. "కూతురి ఆపరేషన్ టెన్షన్‌లో ఉంది, ఇప్పుడు చెప్పను. వచ్చినంక నేనే చెప్తా. ఈ పిల్లిని మళ్లీ నా చేతికియ్యదు, ఇయ్యకపోయినా మంచిదే. కానీ అప్పటిదాకా ఎట్ల? నేనిక సూది పట్టుకోలేను." చేతులు ముందుకి చాపి చూపించింది. నిజంగానే వణుకుతున్నాయి.

దేముడు ఆ చేతుల వంక అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపే చూశాడు.

"రోజూ ఏడింటికి నేనే వత్తాను. రెండుపూట్లా."

వచ్చాడు. గంగ అవతలి ఒడ్డున, టికియాపారాలో రైల్వే క్వార్టర్లో వాళ్లిల్లు. మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికెళ్లి, సాయంత్రం మళ్లీ వచ్చేవాడు. గంగ కింద నుంచి మెట్రో ఉన్నా, హౌరాలో లాంచీ ఎక్కి గంగ మీదుగానే వచ్చేవాడు. "కింద నుంచి వత్తే గంగ ఎలాగుందో తెలీదు కదండీ," అనేవాడు. చొక్కా మీద నది తుంపర, జుట్టులో వాన. మౌక్తిక ఆ వారమంతా ఇంటి నుంచే పని చేసింది. ఆరున్నర నుంచే లాప్‌టాప్‌లో అక్షరాలు అలుక్కుపోయేవి. వీధి మలుపులో సైకిలు గంట వినపడితే అవి మళ్లీ కుదురుకునేవి. ఆ సైకిలు లాంచీలో వచ్చేది, అతనితో పాటే.

సూది వేయడానికి ఒక్క నిమిషం. వేశాక టీ తాగడానికి అరగంట. భోంబల్ ఇద్దరి మధ్యా పడుకుని ఒకసారి ఇటూ, ఒకసారి అటూ చెవి తిప్పేది.

"ఇది ఎంత?" అంటూ అతను తడి వేలితో నేల మీద అంకె గీసేవాడు.

"తొమ్మిది."

"ఏడు! ఈ లెక్కన మీరు బస్సెక్కితే ఏ ఊరెళ్లిపోతారో."

"నువ్వు నవ్వకు. నీకు తెలుగు చదవొస్తదా?"

మాట జారాక నాలిక్కరుచుకుంది. అతను 'నువ్వు'ని పట్టించుకోనట్టే టీ తాగాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"మా నాన్నకి రాదు, నాకూ రాదు. మాటాడతాం అంతే. మాయమ్మ ఒక్కర్తే చదువుతాది."

ఆ అమ్మ గురవమ్మ. ఒక సాయంత్రం ఆవిడ ఫోను చేసినప్పుడు భోంబల్ తోక తగిలి స్పీకరు నొక్కుకుపోయింది. గదంతా ఆవిడ గొంతు.

"ఏటిరా, పిల్లికి సూదెయ్యడానికి ఇస్త్రీ సొక్కా ఏటి? సెంటు ఏటి? ఆ పిల్లి ఆడదేటి?"

"అమ్మా, ఫోను పెట్టీ!"

మౌక్తిక కిటికీ వైపు తిరిగి నవ్వుని పమిటలా అడ్డం పెట్టుకున్న చున్నీలో దాచుకుంది. బయట వాన ఆగింది. పాత మేడల గోడల మీద వీధి దీపాల వెలుతురు పలచటి పాకంలా జారుతోంది.

గురువారం ఒక సంగతి జరిగింది. వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఖాళీ సిరంజి తీసి, దిండు మీద చర్మంలా మడత పట్టి గుచ్చి చూసుకుంది. చెయ్యి వణకలేదు. రెండోసారీ వణకలేదు. ఆనందపడాల్సింది పోయి సిరంజిని గబుక్కున డబ్బాలో పెట్టేసింది.

చెయ్యి కుదిరిందని చెప్తే అతనికిక వచ్చే పనేముంది?

సాయంత్రం దేముడు అడిగాడు. "ఇయ్యాల మీరు వేసి చూత్తారా?"

"ఇంకా వణుకుతున్నయి," అని చేతులు రెండూ వెనక్కి దాచుకుంది.

అట్లా శుక్రవారం. శనివారం. ఆదివారం. సోమవారం. రెండుపూట్లా.

మాసిమా మంగళవారం పొద్దున్న ఆరింటికి దిగింది. భోంబల్ని ఎత్తుకుని మెడ వంపులో ముఖం పెట్టి చాలాసేపు ముద్దు చేసింది. దేముడు ఏడింటికి వచ్చేసరికి మౌక్తిక ఆవిడ ఎదురుగా, తలదించుకుని నిలబడి ఉంది. హిందీ, ఇంగ్లిష్, చేతి వేళ్లు అన్నీ కలిపి జరిగినదంతా చెప్తోంది. ఎనిమిది. నాలుగు. రసగుల్లా పాకం. ఏదీ దాచలేదు.

మాసిమా పిల్లిని పొట్టకి హత్తుకుంది. అయిపోయింది అనుకుంది మౌక్తిక. ఇక కింద గదికి రానివ్వదు. ఇతనూ రాడు.

ఆవిడ లేచి ఫ్రిజ్ తెరిచింది. మందు సీసా తెచ్చి అరచేతుల మధ్య మెల్లగా దొర్లించింది. సిరంజితో పాటు మౌక్తిక చేతిలో పెట్టి బెంగాలీలో ఏదో చెప్పింది.

"ఏమంటున్నరు?" అంది మౌక్తిక.

"మొదటి వారం తను పిల్లికి బదులు తన బొటనవేలికే వేసుకున్నాదంట. కూతురికి కూడా చెప్పలేదంట. చెప్పేవాళ్లని నమ్మొచ్చు, నాలుగు వెయ్యి, అంటంది."

మౌక్తిక సిరంజిని వెలుతురుకి ఎత్తి పట్టుకుని నాలుగో గీత వరకు మందు లాగింది. బుడగ లేకుండా వేలితో తట్టింది. భోంబల్ గిన్నెలో తల పెట్టి తింటుండగా మెడ మీద మడత పట్టి, సూది దించి, తీసింది. పిల్లి తినడం ఆపలేదు.

మాసిమా తల ఊపి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

దేముడు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. సంచీ ఇంకా భుజం మీదే ఉంది.

"చెయ్యి కుదిరిందే. ఎప్పుడు?"

"ఇప్పుడే."

"ఇప్పుడే కుదిరిన చెయ్యి అలాగ బుడగ తట్టదండి. నేను చూళ్లేదా ఎంతమందినో."

మౌక్తిక సూదికి మూత పెట్టింది. పెట్టిన మూతనే మళ్లీ నొక్కింది.

"గురువారం."

"ఇయ్యాల మంగళారం." అతను వేళ్ల మీద లెక్కపెట్టాడు. "శుక్ర, శని, ఆది, సోమ... నాలుగు రోజులు, రెండుపూట్లా గంగ దాటి వచ్చినాను. పిల్లి కోసం!"

"పిల్లి కోసమని నేనెప్పుడన్నా అన్ననా?"

కిటికీ అవతల చినుకు మళ్లీ మొదలైంది. అతను భుజం మీది సంచీ దించి కింద పెట్టాడు, ఇక దానితో అవసరం లేనట్టు.

"రేపట్నించి సూది మీరే వేస్తారు. మరి నేను ఏటని చెప్పుకుని రావాల?"

"ఏమీ చెప్పుకోకు. ఊరికే రా."

"మాయమ్మ అడుగుతాది."

"ఏమని?"

"సెంటు ఏటి అని."

మౌక్తిక ఈసారి నవ్వు దాచుకోలేదు. "మౌక్తిక కోసమని చెప్పు."

దేముడు ఆ పేరుని ఒకసారి పెదాల మీదే, చప్పుడు లేకుండా అనుకుని చూసుకున్నాడు. తర్వాత ఫోను తీశాడు.

"ఎవరికి?"

"మాయమ్మకి. రేపటిదాకా ఆగలేనండి."