థిన్నర్ వాసన తెలియని ఇల్లు

ఆ ఇంట్లో తెల్లవారిందంటే ముందు కిటికీలు తెరవాలి. కింద పని గది, పైన కాపురం. తండ్రి బల్లలు, బీరువాలు చేస్తాడు, తల్లి వాటికి పాలిష్ పెడుతుంది. ఆవిడ చెయ్యి పడిన బల్లలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని పేరు. ఆ పేరు చూసుకుని ఆవిడకు కాస్త టెక్కు కూడా ఉంది. ఉండనివ్వండి, చెమటోడ్చి తెచ్చుకున్నదే కదా!

ఆ ఉదయం ఆవిడ కిందికి దిగేసరికి పాలిష్, థిన్నర్ డబ్బాల అలమరకు కొత్త తాళం వేలాడుతోంది. దాని ముందు స్టూలు వేసుకుని కాలేజీ చదివే కూతురు కూర్చుంది.

"ఇవేం వేషాలే? మధ్యాహ్నానికి బీరువా అప్పజెప్పాలి. తాళం తియ్యి."

"తియ్యను. ముందు తమ్ముణ్ణి పిలువు."

"వాడేం చేశాడు?"

"వాడే చెప్పాలి. నేను చెబితే చాడీ అంటాడు."

తమ్ముడు మెట్ల మీద నిలబడి అంతా వింటూనే ఉన్నాడు. ఈ మధ్యే తండ్రి ఎత్తు దాటాడు, బుద్ధి మాత్రం ఇంకా మోకాలి దగ్గరే ఉంది. అక్క చూపు తప్పించుకోలేక నోరు విప్పాడు.

"థిన్నర్ పీల్చానమ్మా. తల తేలిపోయినట్టుంటుందని బళ్ళో అంటుంటే... నిన్న అక్క చూసేసింది. ఎదురింటి కుర్రాడికి కూడా సీసాలో పోసి ఇచ్చాను."

తల్లి అక్కడే కూలబడింది. ఇంకో ఇంట్లో అయితే కన్నతల్లి ముక్కు ఇట్టే పసిగట్టేది. ఈ ఇంట్లో దిండుకూ దుప్పటికీ కూడా ఆ వాసనే, ఇక కొడుకు చొక్కాకు అంటితే ఎవరికి తెలుస్తుంది? మాస్కు లేకుండా పనివాళ్ళను గడప దాటనివ్వని మనిషి, కడుపున పుట్టినవాళ్ళకు అది పీలిస్తే ప్రమాదమని ఒక్క ముక్క చెప్పలేదు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు వేరే చెప్పాలా అనుకుంది.

"కొట్లో ఎవరైనా కొనుక్కోవచ్చు కదా, అదేం గంజాయి కాదుగా" అని గొణిగాడు వాడు.

"కొనేది పాలిష్‌లో కలపడానికిరా! అమ్మడానికి అడ్డు లేదు కాబట్టి పీల్చినా ఏం కాదనుకున్నావా? నిక్షేపంలాంటి గుండె మొదటిసారికే ఆగిపోవచ్చు. మెదడు దెబ్బతింటే తెచ్చిపెట్టేవాడు లేడు. పీలుస్తాడని తెలిసీ ఇంకో పిల్లాడి చేతిలో పెడితే చట్టం కూడా ఊరుకోదు" అంటూ ఏడుస్తూనే కొడుకును దగ్గరకు లాక్కుంది.

మూల పని చేసుకుంటూ అంతా వింటున్న తండ్రి రంపం పక్కన పెట్టి లేచాడు. ముఖం నల్లబడిపోయింది.

"వీణ్ణి డాక్టరు దగ్గరకు తీసుకెళ్దాం. ఇంట్లో మాట మాత్రం ఇంట్లోనే ఉండనీ. ఎదురింట్లో తెలిస్తే రేపు మన గుమ్మం తొక్కేదెవరు? ఇన్నేళ్ళ పరువు!"

"ఆ ఎదురింటి వాడి దగ్గర సీసా ఇంకా ఉంది నాన్నా" అంది కూతురు. "మన పరువు కోసం వాడు పోవాలా?"

ఆయన చెయ్యెత్తాడు. కూతురు కదల్లేదు. ఎత్తిన చెయ్యి అలాగే కిందికి జారింది.

అంతలో కొడుకు కళ్ళు తుడుచుకుని గుమ్మం దాటాడు. తల్లి, కూతురు వెంట పరుగెత్తారు. ఎదురింటాయన తలుపు తీశాడు. ఆఫీసుకు తయారైన మనిషి, చేతిలో బూటు ఉంది.

"అంకుల్, మీవాడికి థిన్నర్ ఇచ్చింది నేనే. పీల్చడానికే ఇచ్చాను. వాడి గదిలో సీసా ఉంది, తీసేయండి. ప్రాణం పోతుంది అంకుల్... నాకు తెలియలేదు."

ఆయన ముఖం జేవురించింది. లోపలికి చూసి కొడుకును కేకేశాడు. మళ్ళీ ఇటు తిరిగాడు.

"చేసిందంతా చేసి పొద్దున్నే నా గుమ్మంలో నిలబడి చెబుతున్నావా? ఎవడి పెంపకంరా నీది?"

కుర్రవాడు తల దించేశాడు. వెనక నుంచి చెక్కపొట్టు అంటిన చెయ్యి ఒకటి వచ్చి వాడి భుజం మీద పడింది. చెప్పులైనా వేసుకోకుండా వచ్చేశాడు తండ్రి.

"నా పెంపకమేనండీ. తప్పు చేసిందీ మావాడే, చెప్పడానికి వచ్చిందీ మావాడే. వీణ్ణి ఇక్కడిదాకా నడిపించింది మా అమ్మాయి."

పరాయివాళ్ళ ముందు ఆయన తన పిల్లలను పొగడడం తల్లి వినడం అదే మొదలు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళతో కూతురి చెయ్యి పట్టుకుని, తల ఎత్తుకుని నిలబడింది.