అమ్మ చదివేంత సేపు

ఆ ఇంట్లో సినిమా టైటిల్స్‌కి గడియారం అమ్మే. ముందు గదిలో రెండు కంప్యూటర్లు, ఒక పాత సోఫా. అదే అక్కాతమ్ముళ్ల ఆఫీసు. టైటిల్స్ గీసేది అక్క, నిర్మాతలతో మాట్లాడేది తమ్ముడు. ఏ పేరు తెర మీద ఎంతసేపు నిలవాలో తేల్చేది మాత్రం సోఫాలో కూర్చున్న అమ్మ. పెద్దవయసులో చదువు నేర్చిన మనిషి కాబట్టి ప్రతి పేరూ కూడబలుక్కుంటూ పైకి చదువుతుంది. ఆమె చదవడం అయ్యాకే అక్క ఆ పేరును కదలనిస్తుంది.

ఆ ఉదయం కూడా అమ్మ టీ తాగి, కళ్లజోడు తుడుచుకుని కూర్చుంది. మొదట తెర మీద ఒక దారం అల్లుకుంటూ అల్లుకుంటూ సినిమా పేరుగా మారింది. అక్క నెలరోజులు కూర్చుని గీసిన బొమ్మ అది. తర్వాత పేర్లు మొదలయ్యాయి. మొదటిది సగం చదివేసరికి మాయమైంది. రెండోదీ అంతే. మూడోదానికి నోరు తెరిచేలోపే నాలుగోది వచ్చేసింది.

అమ్మ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఇక నావల్ల కాదమ్మా. నా కళ్లు పోయినట్టున్నాయి. ఇంకెవరినైనా కూర్చోబెట్టుకో."

అక్క తెర కింద అంకెలు చూసింది. మూడు నిమిషాలు ఉండాల్సింది రెండే ఉన్నాయి. తమ్ముడు తేలు కుట్టిన దొంగలా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"పేర్ల సమయం కోసింది నువ్వేనా?"

"నేనే. రెండు నిమిషాలు దాటకూడదని నిర్మాత పట్టుబట్టాడు. మధ్యాహ్నంలోగా ఇవ్వకపోతే పని ఇంకొకళ్లకి పోతుంది."

"నాతో ఒక్క మాట చెప్పలేవా?"

"చెప్తే వింటావా? అమ్మ చదివేదాకా ఆగితే జనం ఇంటికెళ్లి భోంచేసి రావచ్చు! అయినా లైట్లు మోసినవాళ్ల పేర్లు ఎవడు చదువుతాడక్కా?"

"నేను చదువుతానురా," అంది అమ్మ.

ఇద్దరూ అమ్మ వైపు తిరిగారు.

"మీ నాన్న ఇరవయ్యేళ్లు లైట్లు మోస్తే ఒకే ఒక్క సినిమాలో పేరు వేశారు. నిన్ను చంకనేసుకుని, మీ అక్కకి వేలు అందించి ఆ సినిమాకి వెళ్లాను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఆయన 'అదిగో' అనేలోపే పోయింది. ఎక్కడండీ, ఎక్కడండీ అంటుంటే నవ్వేసి ఊరుకున్నారు. ఆయన పోయాక పంతం పట్టి చదువు నేర్చుకున్నాను. ఆ సినిమా మాత్రం మళ్లీ దొరకలేదు."

అక్క కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"దారం బొమ్మ తీసేస్తున్నా."

"నీకేమైనా పిచ్చా?" తమ్ముడు కంగారుగా లేచాడు. "అది చూసే కదా మనకీ పని ఇచ్చారు!"

"నల్ల తెర మీద తెల్లటి అక్షరాలతో సినిమా పేరు వస్తుంది. అది చాలు. బొమ్మ పోతే నిమిషం మిగులుతుంది. పేర్ల మీద మాత్రం ఎవర్నీ చెయ్యి వేయనివ్వను."

కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆమె వేలు తడబడలేదు. నెలరోజుల పని ఒక్క నొక్కుతో పోయింది.

తమ్ముడు కోసిన పేర్లన్నీ తనే మళ్లీ సాగదీశాడు. తర్వాత అమ్మ ఒళ్లోని కళ్లజోడు తీసి, చొక్కాతో తుడిచి, తనే పెట్టాడు.

"నీ కళ్లకేం కాలేదమ్మా. తప్పు నాది."

టైటిల్స్ మళ్లీ మొదలయ్యాయి. లైట్లు మోసినవాళ్ల వంతు వచ్చేసరికి అమ్మ మొదటి పేరు దగ్గరే ఆగిపోయింది.

తమ్ముడు చటుక్కున మీట నొక్కి తెరను ఆపాడు.

"నిదానంగా చదువమ్మా," అన్నాడు. "నువ్వు చదివేదాకా ఆ పేరు ఎక్కడికీ పోదు."