తొమ్మిది సెకన్ల సంతోషం

2079 నాటికి విశాఖలో ఫోన్లు మోగడం మానేశాయి. ఎవరు పిలుస్తుంటే వాళ్ళ వాసన వచ్చేది. ఇంగువ గుప్పుమంటే అత్తగారు, సుద్దముక్క వాసనొస్తే పిల్లల బడి. ఇదంతా గంధలేఖిని చలవ. అగ్గిపెట్టెంత యంత్రం. దాని సెన్సర్ గాలిలోని అణువులను చదివి, ఏ వాసననైనా దాచుకుని, అడిగినప్పుడు మళ్ళీ రాసిపెడుతుంది. సంతోషానికీ కోపానికీ ఒంట్లోంచి వేర్వేరు వాసనలొస్తాయి. మన ముక్కుకు అందని ఆ వాసనలూ దానికి అందుతాయి. దాన్ని కనిపెట్టింది శర్వాణి. చనిపోయినవాళ్ళ వాసన ఎవరూ రాయకూడదని కమిటీలో బల్లగుద్ది మరీ నియమం పెట్టించిందీ ఆమే. అప్పటికి ఆమె కూతురు మేదిని బతికే ఉంది.

తొమ్మిదో ఏట జ్వరంతో మేదిని పోయి పద్నాలుగు నెలలైంది. ఇంట్లో మిగిలినవి ఆ పిల్ల పెంచుకున్న రెండు పిల్లులు. నల్లదానికి మిరియమనీ, చారలదానికి జీలకర్ర అనీ పేర్లు పెట్టింది తనే. నాలుగేళ్ళు ఒకే గిన్నెలో తిని, ఒకదాని మీద ఒకటి కాళ్ళేసుకుని పడుకున్నాయి. అలాంటిది, ఇరవై రోజులుగా మిరియం కనబడితే చాలు జీలకర్ర మీదపడి రక్కేస్తోంది. నిన్న చెవి చీల్చేసింది.

సాయంత్రం ఐదింటికి శర్వాణి భర్త ప్రద్యుమ్న ఇంటికొచ్చాడు. అతను పశువైద్యుడు. చేతిలో పిల్లిబుట్ట ఉంది.

"గొడుగు గుమ్మంలోనే పెట్టాలా? నేలంతా నీళ్ళు!" శర్వాణి కసిరింది.

అతను గడప దాటగానే ఆమెకు ఎక్కడలేని కోపం ముంచుకొచ్చేది. పద్నాలుగు నెలలుగా అంతే. ఎందుకో ఆమెకే అర్థం కాదు. అతను గొడుగు బాత్‌రూమ్‌లో పెట్టొచ్చాడు.

"ఆరింటికి మా కాంపౌండరొస్తాడు. మిరియాన్ని పెంచుకుంటానన్నాడు."

"మేదిని పిల్లిని ఇచ్చేస్తావా?"

"మరేటి చెయ్యమంటావు? ఇయ్యాల చెవి, రేపు కన్ను. ఒంటి వాసన మారితే పిల్లి పిల్లిని గుర్తుపట్టదు, పరాయిదనుకుని కరుస్తుంది. కానీ మనది గడపే దాటలేదు. ఊరందరి వాసనలూ చదువుతావు, దీన్నొక్కసారి చదవకూడదా?"

చదివితే శర్వాణి సంగతి బయటపడుతుంది. చదవకపోతే మిరియం వెళ్ళిపోతుంది. యంత్రాన్ని పిల్లి వీపు దగ్గర పెట్టింది.

"పిల్లి. దాని మీద రాసిన వాసన: మేదిని," అంది గంధలేఖిని.

ప్రద్యుమ్న శర్వాణి వైపు తిరిగాడు.

"మేదిని దిండు గలేబు ఉతక్కముందు చదివించి దాచాను," అంది శర్వాణి. "మొన్న దాని పుట్టినరోజున ఆగలేకపోయాను. అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం మిరియం మీద రాసి ఒళ్ళో పడుకోబెట్టుకుంటున్నాను. వెచ్చగా ఉంటుంది. ఊపిరి తీస్తుంది. కళ్ళు మూసుకుంటే అదే అనిపిస్తుంది. తిట్టు నన్ను."

అతను తిట్టలేదు. "మేదిని వాసన జీలకర్రకి పరాయిదా? రోజూ ఆ పిల్ల మెడ దగ్గరే పడుకునేది కదా?" అన్నాడు.

మిరియాన్ని బుట్టలో పెట్టి, పక్కగది తలుపు తీశారు. జీలకర్ర తోక నిలబెట్టి పరుగెత్తుకొచ్చింది. బుట్ట చుట్టూ తిరుగుతూ, చెంపలు రుద్దుతూ, గుర్రుగుర్రుమంటూ చిన్నగా పిలిచింది.

"సంతోషం. చాలా ఎక్కువ. తొమ్మిది సెకన్లు," అంది యంత్రం.

జీలకర్ర బుట్టలోకి తొంగిచూసింది. బొచ్చు నిక్కబొడుచుకుంది.

"ఇప్పుడు కోపం."

"మేదిని వచ్చేసిందనుకుంటోంది," అన్నాడు ప్రద్యుమ్న. "ఆశగా వస్తోంది పాపం. చూస్తే మిరియం."

శర్వాణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగలేదు.

"నేనూ అంతే చేస్తున్నాను. సాయంత్రం తలుపు చప్పుడైతే, బడి నుంచి దాన్ని తీసుకొచ్చావనే అనుకుంటాను. రోజూ. ఒక్క క్షణమే. చూస్తే నువ్వొక్కడివే ఉంటావు."

"తెలుసు. తలుపు తీసేసరికి నీ మొహం వెలిగిపోతుంటుంది. నన్ను చూడగానే ఆరిపోతుంది. రోజూ చూస్తున్నాను కదా."

కాంపౌండర్‌ను రావద్దన్నారు. ఇద్దరూ కలిసి మిరియానికి గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయించారు. రెండు పిల్లుల్నీ ఒకే తువ్వాలుతో తుడిచారు.

"దాచిన మేదిని వాసన చెరిపేయమంటారా? మళ్ళీ రాయడం కుదరదు," అంది గంధలేఖిని.

ఆఖరిసారి అరచేతిలో రాయించుకుంది శర్వాణి. ప్రద్యుమ్న కూడా ఆ చేతిమీదికి వంగాడు. వాసన పోయేదాకా ఇద్దరూ కదల్లేదు. అప్పుడు చెరిపేయమంది.

వారంలో పిల్లులు మళ్ళీ ఒకే గిన్నె దగ్గర చేరాయి.

ఆ మర్నాడు సాయంత్రం ప్రద్యుమ్న తలుపు దగ్గరికొచ్చి కాసేపు బయటే నిలబడ్డాడు. తరువాత గొంతు సవరించుకుని, "శర్వాణీ, నేనే. ఒక్కణ్ణే," అని చెప్పి తలుపు తీశాడు. ఇక ఏనాడూ చెప్పకుండా తీయలేదు.